రాజవ్వ మామిడిచెట్లు, నా పురుగుల లెక్క

ముందే చెప్పేస్తే మీకూ నాకూ హాయి. ఈ ప్రయాణం పొడవునా నేను ఇమాం భాయ్‌ని చూసి కుళ్లుకుంటూనే ఉన్నాను. సికింద్రాబాద్‌లో రైలెక్కుతూ కుళ్లుకున్నాను, మంచిర్యాలలో దిగుతూ కుళ్లుకున్నాను, అడవి అంచు పల్లెలో తిన్న ప్రతి ముద్దతోనూ కుళ్లుకున్నాను. అడవులు చూసి వచ్చినవాళ్లు పులుల గురించి, జలపాతాల గురించి రాస్తారు. నేనూ అలాగే రాద్దామని కూర్చున్నాను గాని, కలం పట్టుకుంటే ఇదే వస్తోంది.

బోయిగూడలో కర్ర డిపోలున్న సంగతి మీకు తెలుసు. అందులో ఒక డిపోలో నేను పదిహేనేళ్లుగా గుమాస్తాను. మాది బాపట్ల వైపు. మా నాన్న మిషన్ బడిలో పంతులుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు, ఇల్లు పద్మారావు నగర్‌లో. ఇమాం సాహెబ్ అదే డిపోలో రంపం పనివాడు, సీతాఫల్‌మండి మనిషి, నాకంటే రెండేళ్లు పెద్ద. అతనికి ఒక విద్య ఉంది. దుంగ మీద చెవి ఆనించి, కళ్లు మూసుకుని, "ఇందుల ఉన్నది. కొరుకుతున్నది" అంటాడు. చీలిస్తే బొటనవేలంత తెల్లటి పురుగు బయటపడుతుంది. నేను ఎంతసేపు చెవి ఆనించినా నా గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. భూతద్దం కొన్నాను. పురుగుల మీద ఇంగ్లీషు పుస్తకం కొని మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదివాను. అయినా కర్ర కొనడానికి వచ్చిన ప్రతివాడూ నా ముందు నుంచే నడుచుకుంటూ పోయి, "ఇమాం ఏడీ?" అని అడిగేవాడు. మా ఆవిడ రత్నమ్మ సైతం మంచం కోళ్లు కొనేటప్పుడు, "మీరు చూడటం కాదండీ, ఇమాం భాయ్‌తో ఒకసారి చెప్పించండి" అంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి వానకాలం అది. మంచిర్యాల నుంచి వచ్చే మామిడి, బూరుగు దుంగల్లో ఒక కొత్త పురుగు కనబడసాగింది. వేలెడు పొడుగు, బూడిద రంగు, వీపు మీద నారింజ చుక్కలు, ఒంటి కంటే పొడుగైన కొమ్ములు. తల్లి పురుగు బెరడులో గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగు చెట్టు కడుపులోకి తొలుచుకుంటూ పోతుంది, చెట్టు నిలువునా ఎండిపోతుంది. అడవి ఆఫీసు వాళ్లు కంగారుపడి, సికింద్రాబాద్ గూడ్స్ యార్డులో వచ్చే కర్రనంతా తనిఖీ చేయడానికి ఒక మనిషిని వేస్తామన్నారు. ఒక్కణ్ణే. మా డిపో నుంచి రెండు పేర్లు వెళ్లాయి. ఆ రెండు పేర్లూ ఎవరివో వేరే చెప్పాలా? "ఇద్దరూ అడవికి రండి. పురుగు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎట్లా ఆపాలో తేల్చండి. ఎవరికి పని తెలుసో చూసి రాస్తాను" అని అక్కడి రేంజర్ కబురు పంపాడు.

సికింద్రాబాద్ స్టేషన్

ఇమాం భాయ్‌ని సాగనంపడానికి అతని భార్య స్టేషన్‌కు వచ్చింది. ఆ రోజుల్లో అతనిలాంటివాళ్లు పట్నం దాటి పల్లెల్లోకి పోవాలంటే వెనకా ముందూ చూసుకునేవారు. ఊళ్ల నుంచి వచ్చే వార్తలు అలా ఉండేవి. ఆమె బురఖా అంచు నోటికి అడ్డం పట్టుకుని నాతో, "అన్నా, జెర ఈయన్ని చూస్కోండ్రి. మీతోని పోతున్నడని ధైర్నం" అంది. సరేనమ్మా అన్నాను. మా రత్నమ్మ నాకు పులిహోర కట్టిచ్చి, మూట రెండో వైపు చూపించి, "ఇది ఇమాం భాయ్‌కి. జీడిపప్పు ఎక్కువేశాను" అంది. రైలు కదిలాక రెండు పొట్లాలూ విప్పి చూశాను. నిజంగానే ఎక్కువేసింది.

కాజీపేటలో చాయ్

కాజీపేటలో బండి చాలాసేపు ఆగింది. చాయ్ ఒక అణా, నిజాం హాలీ సిక్కాలో. నా దగ్గర ఇండియా సర్కారు కల్దార్ డబ్బులే ఉంటే చాయ్‌వాడు మార్చడానికి మొహం చిట్లించాడు. ఏడు హాలీకి ఆరు కల్దార్ అని రాజ్యమంతా తెలిసినా, ఒక్క అణా దగ్గరికి వచ్చేసరికి ఎవడి లెక్క వాడిదే. ఇమాం భాయ్ వాడితో ఉర్దూలో రెండు ముక్కలు మాట్లాడాడు. వాడు నవ్వి, ఇద్దరికీ చాయ్ పోసి, అతని చేతిలో ఒక బిస్కత్తు కూడా పెట్టాడు. నా చేతిలో పెట్టలేదు.

మా పెట్టెలో పెద్దపల్లికి పోయే ఒక మేదరి ఎక్కాడు. వెదురు బుట్టలల్లే మనిషి. పురుగు మాట వస్తే చెప్పాడు: "వెదురు చీకటి పక్షంలనే కొయ్యాలె. వెన్నెల దినాలల్ల కోస్తే పుచ్చుతది. కోసినంక వాగుల నానేయాలె. గట్ల నానేసినదానికి పురుగు మూతి పెట్టది." మా బాపట్ల వైపు తాటి దూలాలు చెరువు బురదలో నెలల తరబడి నానేస్తారని నేను చెప్పాను. నా మాట ఇంకా పూర్తికాలేదు, ఇమాం భాయ్ అతని బుట్ట ఒకటి తీసుకుని, అడుగున గోటితో మీటి, "ఇది వెన్నెలల కోసినవ్ కదా" అన్నాడు. మేదరి నోరు తెరిచాడు. పెద్దపల్లి వచ్చేదాకా వాడు ఇమాం భాయ్ మొహమే చూస్తూ కూర్చున్నాడు. నా తాటి దూలాలు ఎవరికీ పట్టలేదు.

మంచిర్యాల

స్టేషన్ బయట మిలిటరీ కాపలా. అడవుల్లో కమ్యూనిస్టు దళాలున్నాయని రోజూ సోదాలు. పర్మిట్ నా జేబులో ఉంది. ఇంగ్లీషులో ఉన్న కాగితం, పైన నా పేరు, కింద ఇమాం పేరు. ఆ వరస నాకు చాలా నచ్చింది. హవల్దార్ ఇమాం పేరు చదివి అతణ్ణి పక్కకు నిలబెట్టాడు. ఇమాం భాయ్ మొహం తెల్లబోయింది. నిజం చెబుతున్నాను, నేను వెంటనే ముందుకెళ్లి, ఈయన మా డిపో మనిషి, నేను పూచీ అని వచ్చీరాని హిందీలో చెప్పాను. అంత చెడ్డవాణ్ణి కాను. హవల్దార్ మా సంచీలు విప్పించాడు. అందులో గొట్టం, సుత్తి, కొక్కెం తీగ చూసి ఇవేంటన్నాడు. పురుగు పట్టడానికి అన్నాడు ఇమాం భాయ్. హవల్దార్‌ది మామిడితోటల ఊరట. అక్కడే నిలబడి, తన ఊళ్లో చెట్లెలా ఎండిపోతున్నాయో పావుగంట చెప్పాడు. తొర్రలో తీగ పెట్టి పురుగును లాగాలని, కిరసనాయిల్ దూది కుక్కి మట్టితో మూయాలని ఇమాం భాయ్ అతనికి నేర్పాడు. చివరికి అతని భుజం తట్టి పంపాడు హవల్దార్. పూచీ ఇచ్చినవాణ్ణి నేను, భుజం తట్టించుకున్నవాడు అతను.

బండి బాట

అక్కడి నుంచి పొద్దంతా ఎడ్లబండి. బండివాడు మూడు రూపాయలకు ఒప్పుకున్నాడు, వాన పడితే నాలుగు అన్నాడు, వాన పడింది. దారిలో కాల్చిన మక్కకంకులు కొన్నాం. మా వైపు కంకి ఉడకబెట్టి తింటారు, ఇక్కడ నిప్పుల మీద నల్లగా కాల్చి ఉప్పూకారం రుద్దుతారు. ఒక వాగు దగ్గర చక్రం దిగబడి నేను మోకాలి లోతు బురదలో పడ్డాను. భూతద్దం పోయింది. ఇమాం భాయ్ పొట్టపట్టుకుని నవ్వాడు, తర్వాత గంటసేపు ఆ బురదలో చేతులు పెట్టి నాతోపాటు వెతికాడు. దొరకలేదు.

బండిమీద నా సిద్ధాంతం అతనికి చెప్పాను. పురుగు లోపలి అడవి నుంచి ఎగిరి వస్తోందని, కాబట్టి అడవి అంచున చెట్లు కొట్టి ఖాళీ జాగా వదిలితే ఆగుతుందని. రిపోర్టులో ఎట్లా రాయాలో మనసులో ముందే కూర్చుకున్నాను కూడా. ఇమాం భాయ్ కంకి గింజలు ఒలుచుకుంటూ, "ఎగురుతది గని ఎంత దూరం ఎగురుతది, శామేలూ? దాన్ని బండెక్కించేది మనమే" అన్నాడు. చదువు లేనివాడి మాట అనుకున్నాను.

రాజవ్వ ఇల్లు

పల్లెలో మమ్మల్ని దింపింది రాజవ్వ ఇంటి ముందు. యాభై దాటిన వితంతువు, పొలం లేదు, పిల్లలు లేరు. ఆమెకున్నవి ఇంటి వెనక మామిడిచెట్లు. ఆరు ఉండేవి, ఒకటి పురుగు పట్టి ఎండిపోయింది, ఇప్పుడు ఐదు. ఎండాకాలంలో పచ్చికాయ కోసి, ముక్కలు తరిగి, ఉప్పు పెట్టి ఎండబెట్టి ఒరుగులు చేస్తుంది. వాటిని మంచిర్యాల అంగడిలో అమ్మితే ఏడాదంతా గడుస్తుంది. "గవ్విటి తోటే నా బతుకు, కొడుకా. అవ్వి పోతే నేను ఎవరింట్లనో పాచిపని చేసుడే" అంది. ఈ మాట మీరు గుర్తుంచుకోండి, నేను గుర్తుంచుకోలేదు.

ఆ సాయంత్రం పొద్దుండగానే మక్క గట్క, అంటే మొక్కజొన్న సంకటి, పచ్చిపులుసు పెట్టింది. మేము పులుసంటే పొయ్యి మీద మరిగించేదే అనుకుంటాం, వీళ్లు చింతపండు రసంలో ఉల్లిగడ్డ, కాల్చిన మిరపకాయ నలిపి అట్లాగే పోసేస్తారు. మొదట మొహం పెట్టాను, తర్వాత మూడుసార్లు పోయించుకున్నాను. ఇద్దర్నీ కొడుకా అనే పిలిచింది. అంతవరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అన్నం తిన్నాక ఇమాం భాయ్ పెరట్లో తిరిగి, కోళ్లగూడు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పగలగొట్టిన సామాన్ల పెట్టెల చెక్కలతో చేసిన గూడు అది. చెక్కల అంచుకు బెరడు అట్లాగే ఉంది. వేలు దూరేంత గుండ్రటి బొక్కలు ఐదారు ఉన్నాయి. "ఈ చెక్కలు ఏడియి, అవ్వా?" అన్నాడు.

"మిలటరోళ్లకు కూరగాయలు తెచ్చే కంట్రాక్టరు పారేసిండు, కొడుకా. పెట్టెలు ఉత్తగనే ఇచ్చిండు. ఊరంత తెచ్చుకున్నం. కొందరు పొయ్యిల పెట్టిన్రు, కొందరు దడి కట్టిన్రు."

అంతే, తేలిపోయింది. ఎక్కడో దూరాన మామిడి చెక్క బెరడుతో సహా కోసి పెట్టెలు చేశారు. లోపల పిల్ల పురుగులు. రైలెక్కాయి, బండెక్కాయి, ఈ పల్లెలో దిగి రెక్కలు తెచ్చుకుని బయటికొచ్చి, మొదట కనపడిన మామిడిచెట్టెక్కాయి. నా ఖాళీ జాగా సిద్ధాంతం బురదలో పడ్డ భూతద్దం వెంట పోయింది. వచ్చిన మొదటి పూటే మొత్తం కనిపెట్టేశాడు, అదీ చెయ్యి తుడుచుకుంటూ. గూడు చెక్కలు వెంటనే కాల్చేశాం. కోళ్లు ఆ రాత్రి ఇంట్లోనే పడుకున్నాయి, నా దుప్పటి మీద.

మూడు తెల్లవారుజాములు

మర్నాడు రేంజర్ వచ్చాడు. మద్రాసు వైపు నుంచి కొత్తగా బదిలీ అయినవాడు, రూళ్ల పుస్తకం చంకలో ఉన్న మనిషి. పెట్టెల సంగతి విని తలూపి రాసుకున్నాడు. "ఇప్పుడు ఉన్న పురుగుల్ని పట్టాలి. ఎర దుంగ పద్ధతి మీకిద్దరికీ తెలుసుగా. చెరొక దుంగ వేయండి. మూడు రోజుల తర్వాత వస్తాను. ఎవరెన్ని పట్టారో చూస్తాను" అని వెళ్లిపోయాడు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. బూరుగు కొమ్మ ఒకటి పచ్చిగా నరికి, గొడ్డలి వెనకతట్టుతో బెరడు నలిగేలా బాదుతారు. రసం కారుతుంది. ఆ వాసనకు పురుగులు చుట్టుపక్కల నుంచి వచ్చి, తాగి, తెల్లారేసరికి మత్తుగా బెరడు కింద పడుంటాయి. చేత్తో ఏరుకోవచ్చు. ఏరిన పురుగును అక్కడికక్కడే చంపాలి. నాలుగో రోజుకు దుంగను కూడా కాల్చేయాలి, లేకపోతే అదే వాటికి పురిటిల్లు అవుతుంది.

నా దుంగ తోటకు తూర్పున, అతనిది పడమట. నేను గంటసేపు లెక్క ప్రకారం బాదాను. అతను పాట పాడుకుంటూ ఇష్టమొచ్చినట్టు బాదాడు. పురుగులకు నా లెక్క నచ్చలేదు. మూడు పొద్దులు గడిచేసరికి ఇమాం భాయ్‌వి నలభై ఒకటి, నావి ముప్పై రెండు. మనిషన్నవాడు పురుగులు తక్కువ ఉన్నందుకు సంతోషించాలి. నేను మాత్రం దుంగ పక్కన కూర్చుని, ఇంకా రండి, ఇంకా రండి అని వాటిని బతిమాలుకున్నాను.

అతను పట్టినవాటిని పట్టినట్టే కిరసనాయిల్ కుండలో వేసేవాడు. నేను రాజవ్వనడిగి మూత ఉన్న వెదురు బుట్ట తెచ్చుకుని అందులో బతికుండగానే దాచాను. చచ్చిన పురుగులు ముడుచుకుపోయి కొంచెంగా కనిపిస్తాయి. కొమ్ములాడిస్తూ బుట్ట నిండా కదులుతుంటే రేంజర్ కళ్లకు నిండుగా ఉంటుందని నా ఆలోచన.

"చంపెయ్, శామేలూ. వెదురు బుట్ట వాటికి ఏం ఆగుతది? చెట్టునే తొలుస్తయి" అన్నాడు ఇమాం భాయ్.

"నీ కుండ సంగతి నువ్వు చూసుకో" అన్నాను.

మూడో రోజు సాయంత్రం ఎండ ఉండగానే రేంజర్ దిగాడు. ఇమాం భాయ్ కుండ చూపించి, "నలభై ఒకటి, సాబ్" అన్నాడు. రేంజర్ "భేష్" అన్నాడు. ఆ ఒక్క మాట నా చెవిలో పడగానే ఏమైందో నాకు తెలియదు. "మరి మీవి, శామ్యూల్ గారూ?" అంటే నా నోట్లోంచి "అరవై" అని వచ్చింది.

"అరవై! చేయి తిరిగినవారేనన్నమాట. పొద్దున్నే లెక్కపెట్టి కాగితం మీద పెడదాం" అని రేంజర్ పటేల్ ఇంటికి బసకు పోయాడు. తెల్లారేలోగా మిగతా ఇరవై ఎనిమిదీ ఎట్లాగైనా పట్టేద్దామనుకుని పడుకున్నాను. అబద్ధమాడినవాడికి నిద్ర పట్టదంటారు. నాకు బ్రహ్మాండంగా పట్టింది.

బుట్టకు బొక్క

లేచేసరికి వెలుగొచ్చింది. బుట్ట పక్కన వెదురు పొట్టు రాలి ఉంది, అడుగున వేలు దూరే బొక్క. ఆదరాబాదరాగా లెక్కపెట్టాను. ముప్పై. రెండు పోయాయి.

నాకు ముందుగా వచ్చిన ఆలోచన రాస్తున్నాను, మీరేమనుకున్నా సరే. హమ్మయ్య అనుకున్నాను. అరవైలో సగం పారిపోయాయంటే ఇక నన్ను ఎవరూ అడగరు.

ఇమాం భాయ్ వెంటనే చెట్ల మీద పడ్డాడు. ఐదు చెట్లూ కింద నుంచి పై దాకా వెతికాడు, బెరడు పగుళ్లు కొక్కెంతో గీశాడు, కొమ్మలెక్కాడు. దగ్గరి చెట్టు మొదట్లోనే రెండు దొరికాయి, జతకట్టకుండా, ఇంకా మత్తులోనే. వాటిని నలిపేసి తెచ్చి నా ముందు పెట్టాడు. అప్పటికి రేంజర్ వచ్చాడు. బుట్టలో ముప్పై, చేతిలో రెండు. ఆయన కాగితం మీద తీసివేత చేశాడు.

"ఇరవై ఎనిమిది బయట ఉన్నాయి. సగం ఆడవనుకున్నా ఈపాటికి గుడ్లు పెట్టేసి ఉంటాయి. ఇక్కడ ఆపకపోతే అడవంతా పాకుతుంది. ఈ ఐదు చెట్లూ కోసి ఇవాళే కాల్చేయాలి. రూలు అదే."

అప్పటిదాకా నాకు ఇది తట్టలేదు. ఒట్టు, తట్టలేదు. నా అరవై నా ఉద్యోగం లెక్క అనుకున్నాను, రాజవ్వ చెట్ల లెక్క అవుతుందని అనుకోలేదు.

రాజవ్వ గుమ్మంలో నిలబడి వింది. ఆమె ఏడవలేదు. "సారూ, అవ్వి మంచిగున్నయి కద. ఆకులు సూడున్రి ఎట్లున్నయో" అంది.

ఇమాం భాయ్ రెండు చేతులూ కట్టుకుని, "సాబ్, నేను ఒక్కొక్క కొమ్మ చూసిన. చెట్ల మీద ఇంక ఏం లేవు. తప్పించుకున్నవి రెండే" అన్నాడు.

"ఏమయ్యా, అరవై అన్నాడు కదా ఆయన. మిగతావి ఆవిరైపోయాయా? చదువుకున్న మనిషి లెక్క తప్పంటావా?" అన్నాడు రేంజర్. అతని గొంతులో ఇంకొకటి కూడా ఉంది. ఆ ఏడు ఇమాం భాయ్‌లాంటివాళ్ల మాటను అందరూ తూచి, తక్కువ తూకమే వేసేవారు. ఇమాం భాయ్‌కి అది తెలిసింది. రేంజర్‌ను వదిలి నా వైపు తిరిగాడు.

"శామేలూ," అన్నాడు మెల్లగా, "అరవైయేనా?"

ముప్పై రెండు అంటే చాలు. చెట్లు నిలబడతాయి. ఉద్యోగం పోతుంది, బోయిగూడంతా నవ్వుతుంది, రత్నమ్మకు ఇమాం భాయే గొప్పవాడని మరోసారి తేలుతుంది. ఆ చివరిదే నన్ను పట్టుకుంది, సిగ్గు విడిచి చెబుతున్నాను.

"అరవైయే" అన్నాను.

రంపం

రేంజర్ పక్క పల్లెకు పోయి సాయంత్రం వస్తానన్నాడు. ఊళ్లో రంపం పట్టేవాళ్లు లేరు. పెద్ద రంపానికి ఇద్దరు కావాలి. ఒక కొస ఇమాం భాయ్ పట్టుకుని, రెండోది నా వైపు చాపాడు. పదిహేనేళ్లు డిపోలో ఉన్నా నేను రంపం పట్టింది లేదు. నా వంతు వచ్చినప్పుడల్లా ముందుకు తోసేవాణ్ణి, పట్టీ వంగి ఆగిపోయేది.

"నూకకు. నీ దిక్కు గుంజు, అంతే. నా దిక్కు నేను గుంజుకుంట" అన్నాడు.

రాజవ్వ వసారాలో కూర్చుంది. మొదటి చెట్టు పడ్డప్పుడు, "గది బాగ పులుపు. ఒరుగులకు గదే పెట్టింది పేరు" అంది, మాకు కాదు, తనలో తాను. కోసిన మొదలు చూశాను. చెక్క తెల్లగా, తడిగా, ఒక్క గీత లేకుండా ఉంది. రెండో చెట్టు పడ్డది. "దీనికి పదేండ్లు వాగు నుంచి నీళ్లు మోసిన." అదీ శుభ్రంగానే ఉంది. మూడో చెట్టు దగ్గర చెప్పేద్దామనుకున్నాను. రెండు పోయాక చెబితే ఇంకా ఎక్కువ తిడతారు కదా అనిపించింది, రంపం లాగాను. నాలుగోదీ పడ్డది. చెట్టు మీది నుంచి లేచిన కాకులు కాసేపు అరిచి వెళ్లిపోయాయి.

ఐదో చెట్టు మొదట్లో రంపం పళ్లు ఆనించాం. ఇమాం భాయ్ ఒకసారి గుంజాడు. నా వంతు వచ్చింది. చెయ్యి రాలేదు.

"ముప్పై రెండే" అన్నాను.

అతను రంపం పట్టుకుని నా మొహం చూశాడు.

"బుట్టలో ముప్పై రెండే ఉండేవి, ఇమాం భాయ్. అరవై అని అబద్ధం చెప్పాను."

అతను నన్ను కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. రంపం తీసి గోడకు ఆనించి, "నాకు గాదు, ఆమెకు చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఆమెకు మొదట అర్థం కాలేదు. పురుగుల లెక్కకు, చెట్లకు సంబంధమేంటో రెండుసార్లు విడమర్చాల్సి వచ్చింది. ఒకసారి తప్పు ఒప్పుకోవడమే కష్టం, రెండోసారి వివరంగా ఒప్పుకోవడం ఎలా ఉంటుందో పగవాడికి కూడా వద్దు. విన్నాక ఆమె నన్ను చూసి, "నాలుగు కూలినంక యాదికొచ్చిందా, అయ్యా?" అంది. ఇన్ని రోజులుగా కొడుకా అన్న మనిషి.

తిరుగు ప్రయాణం

రేంజర్‌కు కూడా నేనే చెప్పాను. ఆయన కాగితం చించి కొత్తది రాశాడు. అందులో నా పేరు లేదు. కోసిన చెక్క కాల్చనక్కర్లేదన్నాడు. బెరడుతో కర్ర ఊరు దాటకూడదు గనక, ఇద్దరం ఒకరోజు ఆగి నాలుగు మానుల బెరడు ఒలిచి, ఆ బెరడు కాల్చి, చెక్క ఆమెకు అప్పగించాం. ఊళ్లో దడుల్లో మిగిలిన పెట్టె చెక్కలన్నీ ఇమాం భాయ్ ఇల్లిల్లూ తిరిగి కాల్పించాడు. నాకు అన్నం పెట్టింది రాజవ్వ, ఆకలితో పంపలేదు. పచ్చిపులుసు మాత్రం రెండోసారి అడగలేకపోయాను.

రైల్లో ఇమాం భాయ్ కిటికీ పక్కన, నేను తలుపు పక్కన. కాజీపేటలో చాయ్ తెచ్చి ఒకటి నాకిచ్చాడు. పైసలు ఇవ్వబోతే తీసుకోలేదు. సికింద్రాబాద్‌లో అతని భార్య నాకు దండం పెట్టి, మంచిగ తోల్కొచ్చిన్రన్నా అంది. అతను ఆమెతో ఏమీ చెప్పలేదు. ఇప్పటికీ ఎవరితోనూ చెప్పలేదు. ఆ నోరు కట్టుకోవడం కూడా నాకు చేతకానిదే, దానికీ ఏడుస్తూనే ఉన్నాను.

ఇప్పుడు గూడ్స్ యార్డులో కర్ర తనిఖీ ఇమాం సాహెబ్‌ది. బెరడు ఉన్న దుంగ ఒక్కటి కూడా అతని చెవి దాటి లోపలికి రాదు. నేను బోయిగూడలో నా పద్దులు రాసుకుంటున్నాను. మొన్న ఎండాకాలం చివర మంచిర్యాల నుంచి వచ్చిన గార్డు చేత సీతాఫల్‌మండికి ఒక మూట వచ్చింది. మిగిలిన ఒక్క చెట్టు ఒరుగులు, రాజవ్వ పంపింది. ఇమాం భాయ్ మర్నాడు డిపోకు వచ్చి, అందులో సగం కాగితంలో చుట్టి నా బల్ల మీద పెట్టాడు.

"నాకిమ్మని అందా?" అన్నాను.

అవునని ఒక అబద్ధం ఆడేయవచ్చు. అతనికి రాదు.

"అనలే" అన్నాడు.

పొట్లం విప్పి అక్కడే ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. చాలా పులుపు, చాలా బాగుంది.